గుడారమొస్తే నీళ్ళొస్తాయి

డోన్ చుట్టుపక్కల వీలైనంత త్వరగా ఒక విలాస గుడారాల శిబిరం వెలవాలి. ఇది మనవి కాదు, డిమాండు. జైసల్మేరు దగ్గర ఇసుక తిన్నెల మీద, కచ్‌లో ధోర్డో ఉప్పునేల మీద లేచినట్టే మా ఎర్రమల కొండల కింద, నాపరాళ్ళ గనుల పక్కన తెల్లటి డేరాలు బారులు తీరాలి. లోపల ఏసీ, మెత్తటి పరుపు, వెనక స్నానాల గది. ఆ గదిలో కొళాయి తిప్పగానే నీళ్ళు పడాలి. ఈ ఆఖరి వాక్యం కోసమే ముందున్నవన్నీ రాశాను.

ఎడారి గుడారాల సంగతి నాకు చెప్పింది బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు. పోయిన చలికాలం జైసల్మేరు పోయి, మా ఊరి గొర్రెల కాపరి నెల సంపాదన ఒక్క రాత్రికి కట్టి, డేరాలో పడుకుని వచ్చాడు.

"మామా, ఆడ ఏముందో తెల్సా? ఏమీ లేదు!" అన్నాడు మురిసిపోతూ.

"ఏమీ లేనిదానికి అంత కట్టినావా?"

"అదే గదా దాని గొప్ప. దీపం లేదు, సప్పుడు లేదు, ఫోన్‌కు సిగ్నల్ లేదు. తలెత్తితే చుక్కలే చుక్కలు."

"మన మిద్దె మింద మాత్రం? కరెంటు పోతే అవే చుక్కలు గదరా."

"మనకు కరెంటు పోతాది మామా. ఆడ తీస్తారు."

రాత్రి మంట చుట్టూ కూర్చోబెట్టి సజ్జరొట్టె వడ్డించారట. దానికి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. వాళ్ళవ్వ, అంటే మా అమ్మ, అదే సజ్జరొట్టె ఊరిబిండితో పెడితే మూతి తిప్పుకుని ఉగ్గాని బజ్జీ కోసం బస్టాండుకు ఉరికిన పిల్లోడే వీడు. సరే, అది వాడికీ వాళ్ళవ్వకూ మధ్య వ్యవహారం. నేను అడిగింది ఒకటే: "నీళ్ళు యాడివిరా?"

వాడు నా మొహంలోకి చూశాడు. పొద్దున షవర్ కింద నిలబడ్డాడు, సాయంత్రం నిలబడ్డాడు. ఎడారిలో ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవాలని వాడికి తట్టనే లేదు. డోన్‌లో పుట్టి, బిందెల వరుసలో నిలబడి పెరిగిన బిడ్డకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది? గుడారం మహిమ ఏపాటిదో ఆ రోజు తెలిసింది.

మాకు అర్హత ఉందా అని పర్యాటక శాఖ వారు అడగవచ్చు. జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడేది మా రాయలసీమలోని అనంతపురం జిల్లాలోనేనని మేం బళ్ళో విన్నాం, సభల్లో విన్నాం, అర్జీల్లో రాశాం. ఇన్నేళ్ళుగా ఈ వెండి పతకం మెడలో వేసుకుని తిరుగుతున్నా మాకు దక్కిందేమీ లేదు. ఇసుక చాలదంటారా, బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు దాకా రండి. వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేసి, తిన్నెలై కూర్చుంది. జైసల్మేరు ఒంటెను తెచ్చి అక్కడ వదిలితే ఇల్లు మారిందని కనిపెట్టలేదు. సఫారీ కావాలా? ఆలూరు, పత్తికొండ వైపు కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. వాటిని చూడటానికి జీపు ఎక్కనక్కర్లేదు, శనగ విత్తితే చాలు, అవే వస్తాయి. బట్టమేక పిట్ట కోసం 1988లోనే రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు. పిట్ట కనబడటం మానేసి ఏళ్ళైంది గానీ బోర్డు ఉంది, బోర్డు పక్కన ఫొటో దిగవచ్చు.

ఇక అసలు వాదనకు వస్తాను. మా సీమలో నీళ్ళకు ఒక మర్యాద ఉంది. పిలిస్తే రావు, ఏడిస్తే రావు. పెద్దమనిషి దిగిన చోటికి మాత్రం వెతుక్కుంటూ వస్తాయి. చరిత్ర చూడండి.

పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా దారుల పొడుగునా బావులు తవ్వించాను, చెట్లు నాటించాను అని ఆయన చెప్పుకున్న శాసనం కూడా వాటిలో ఉంది. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దపు మాట. మా ప్రాంతంలో నీళ్ళ గురించి సర్కారు వేసిన హోర్డింగుల్లో ఇంతకన్నా పాతది నాకు తెలిసి లేదు. రాత ఇప్పటికీ నిలిచే ఉంది. బావులేవని మాత్రం అడక్కండి. హోర్డింగుకున్న ఆయుష్షు పథకానికి ఉండదన్నది కూడా అప్పటి నుంచే ఉన్న ఆనవాయితీ.

తర్వాత థామస్ మన్రో దొర. 1800లో నిజాం మమ్మల్ని కుంఫిణీకి అప్పగించినప్పుడు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. 1807 దాకా ఉన్నాడు, అందులో ఏళ్ళ తరబడి గుడారాల్లోనే కాపురం. గుర్రమెక్కి ఊరూరా తిరిగి, చేను చేనూ కొలిపించి, పన్ను వేశాడు. వేసిన పన్నులో ఎక్కడ తగ్గించాలో కూడా చూశాడు కాబట్టి జనం బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పన్ను వేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకునే జాతి ఇంకెక్కడైనా ఉందేమో చూడండి. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. ఇంగ్లండుకు వెళ్ళిపోయే ముందు పాత మిత్రులను చూసి పోదామని 1827లో మళ్ళీ ఇటు వచ్చాడు. పత్తికొండలో మకాం వేశాడు. అక్కడ కలరా సోకింది. జులై 6 పొద్దున జబ్బు కనిపించింది, రాత్రికి ప్రాణం పోయింది. గుత్తికి తీసుకుపోయి సమాధి చేశారు, కొన్నేళ్ళకు అస్థికలు మద్రాసు చేరాయి.

పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం సర్కారు ఏం చేసిందయ్యా అంటే, రాతిబావి కట్టించింది, తోపు నాటించింది.

అంటే మా దగ్గర ఒక మంచి బావి పడాలంటే గవర్నరంతటివాడు వచ్చి గుడారం వేయాలి, వేసి చచ్చిపోవాలి. నేను చావు దాకా పోవడం లేదు. అతిథులు క్షేమంగా ఉండాలి, మళ్ళీ మళ్ళీ రావాలి. కాకపోతే మన్రో పేరుతో ఒక ప్యాకేజీ మాత్రం పెట్టుకోవచ్చు. వేంపల్లె దగ్గర గండిలో పాపఘ్ని మీద రెండు కొండల నడుమ బంగారు తోరణం ఉందని, అది కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే కనబడుతుందని, మన్రోకు కనబడిందని కడప జిల్లాలో కథగా చెబుతారు. ఉదయం గండి దర్శనం, సాయంత్రం పత్తికొండ బావి. తోరణం కనబడినవారికి డబ్బు వాపసు, వారసులకు.

1952 కరువులో సైన్యాన్ని దింపి బావులు లోతు చేయించారు. సైనికులూ గుడారాల మనుషులే, మళ్ళీ లెక్క సరిపోయింది. నా సిద్ధాంతానికి అడ్డం వచ్చేది ఒక్కటే కనబడుతుంది: హంద్రీ-నీవా నీళ్ళను 68 చెరువులకు ఎత్తిపోసే పథకం. 2023 సెప్టెంబరులో లక్కసాగరం దగ్గర అప్పటి ముఖ్యమంత్రి మీట నొక్కారు. అక్కడ విలాస గుడారాలేవీ లేవు కదా అని మీరనవచ్చు. ముఖ్యమంత్రి సభ షామియానా లేకుండా జరిగిందా చెప్పండి.

అయితే గుడారం అన్న ప్రతిదానికీ ఈ మహిమ ఉండదు. లోపల ఎవరున్నారన్నది చూసుకోవాలి.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు చేశారు. రాజులూ నవాబులూ దిగడానికి మైదానంలో గుడారాల నగరమే లేపారు. తివాచీలు, విందులు, ఏనుగులు. ఆ నెలలోనే ఇక్కడ ధాత కరువు నడుస్తోంది. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ఎండి ఆకలికి రాలిపోతుంటే వైస్రాయి లిట్టన్ దొర సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు వైపు పంపాడు. సాయం పెంచడానికి కాదు, ఖర్చు తగ్గించడానికి. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను గింజలు, అంటే అరకిలో కన్నా తక్కువ, ఒక అణా డబ్బులు చాలునని తేల్చాడు. కరువు పనుల దగ్గర జనం పడి ఉన్నవీ శిబిరాలే. దానికీ క్యాంపు అనే పేరే. కాకపోతే అక్కడి భోజనం ఫొటో తీసుకునేంత ఉండేది కాదు.

ఇప్పటి సంగతి చూద్దాం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాలకు గుంటూరు, ప్రకాశం, కర్ణాటక, తెలంగాణల నుంచి జనం దిగుతారు. వానకు మట్టి కొట్టుకుపోయి వజ్రం పైకి తేలుతుందని ఆశ. పొద్దస్తమానం నడుం వంచి నేలనే చూస్తూ నడుస్తారు. రాత్రికి గుడి మండపంలోనో, చెట్టు కిందో, నాలుగు కర్రల మీద ప్లాస్టిక్ పట్ట కప్పుకునో పడుకుంటారు. ఏటా ఒకరిద్దరికి దొరికినట్టు పేపర్లో వస్తుంది, మర్నాడు ఇంకో వందమంది బస్సు దిగుతారు. లాటరీకి ఇంత పచ్చటి పొలాన్ని బోర్డుగా వాడుకున్న ఊళ్ళు ఇవే. ప్రకృతి ఒడిలో బస, నిధుల వేట, సాహసం... కరపత్రంలో రాయాల్సిన ముక్కలన్నీ ఉన్నాయి, స్నానాల గది ఒక్కటే లేదు.

బయట నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళకు ఎదురుగా మావాళ్ళు బయటికి పోవడానికీ ఒక సీజను ఉంది. కోసిగి, ఆలూరు, ఆస్పరి వైపు ఊళ్ళలో మిరపకాయల కోతకని, పత్తి తీతకని ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లల్ని, పొయ్యిని, కోళ్ళ గంపను లారీకెక్కించి గుంటూరు జిల్లా పోతారు. అక్కడ చేను గట్టున పట్టలు కట్టుకుని నెలల తరబడి ఉంటారు. బడి మానకుండా ఊళ్ళో మిగిలిన పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్ళు నడపాల్సి వచ్చిందంటే చూడండి. గుడారంలో బతకడంలో మాకున్న అనుభవానికి పర్యాటక శాఖ మాకే శిక్షకుల ఉద్యోగాలివ్వాలి. కార్పొరేటు అతిథికి పట్ట కట్టడం, మూడు రాళ్ళ పొయ్యి వెలిగించడం, పాము వస్తే అరవకుండా పక్కకు జరగడం మా ఆడవాళ్ళు ఒక పూటలో నేర్పేస్తారు.

ఇంత చెప్పి గండికోట ఎత్తకపోతే కడపవాళ్ళు ఊరుకోరు. పెన్నా లోయ అంచున వారాంతాల్లో రంగురంగుల డేరాలు లేస్తాయి, బెంగళూరు కార్లు బారులు తీరతాయి. 2023లో ఒక ముఖ్యమంత్రి అక్కడ ఒబెరాయ్ హోటలుకు శంకుస్థాపన చేశారు. 2025 ఆగస్టులో మరో ముఖ్యమంత్రి సుమారు 78 కోట్ల అభివృద్ధి పనులకు శంకుస్థాపన చేశారు. రాళ్ళకు మా సీమలో ఎన్నడూ కొరత లేదు, కడప ఉక్కు కర్మాగారం పేరుతో నాటిన శంకుస్థాపన రాళ్ళతోనే ఒక షెడ్డు కట్టొచ్చు. లోయకు పక్కనే గండికోట జలాశయం ఉంది. నిండితే 26.85 టీఎంసీలు. ఆ నీళ్ళు నిలవడానికి తాళ్ళప్రొద్దుటూరు ఊరు 2020లో మునిగింది. నీళ్ళకు దారిచ్చినవాళ్ళు కాలనీకి పోయారు, నీళ్ళ అందం చూడవచ్చినవాళ్ళు డేరాలో దిగుతున్నారు. ఇద్దరిలో ఎవరి కొళాయి ముందు తిరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

అందుకే మాకు ఊరికొక శిబిరం కావాలంటున్నాను. శిబిరానికి పైపు వేయక తప్పదు కదా. ఆ పైపు ఆకాశంలో నుంచి పోదు, మా వీధుల్లో నుంచే పోవాలి. పైపు పోయే దారిలో దానికి ఎక్కడ చిల్లు పడుతుందో మేం చూసుకుంటాం.

ఒక్క చిక్కుంది. దేశంలో ఎడారి శిబిరాలన్నీ చలికాలపు వ్యాపారం. జైసల్మేరులో అక్టోబరు నుంచి మార్చి దాకా, రణ్ ఉత్సవమూ ఎండ ముదిరేలోపే ముగుస్తుంది. ఏప్రిల్ రాగానే డేరాలు చుట్టేస్తారు, ఎడారికి కూడా ఎండాకాలం సెలవులే. మా శిబిరంలో ఆ బేరం కుదరదు. మాకు అసలు సీజను ఏప్రిల్, మే. జాతీయ రహదారి 44 మీద హైదరాబాదు నుంచి నేరుగా రావచ్చు, అమకతాడు టోలు కట్టాక ఆట్టే దూరం లేదు. రైలైతే డోన్ జంక్షను ఎటూ ఉంది.

నిబంధనలు కూడా రాసిపెట్టాను. ఏసీ ఉంటుంది, కరెంటు ఉన్నప్పుడు తిరుగుతుంది. పైపులైను పడేదాకా నీళ్ళు ట్యాంకరుతోనే. అది ఏ వేళకు వస్తుందో ముందుగా చెప్పలేం, హారన్ వినబడగానే లేచి ఉరకాలి. ముందు చేరినవాళ్ళకు ముందు, తెల్లదొరలకు వేరే వరుస లేదు. నాలుగు రోజులు ట్యాంకరు రాకపోతే అతిథులు విజయవాడకో ఢిల్లీకో తమకు తెలిసినవాళ్ళకు ఫోన్ చేసుకోవచ్చు, నిజానికి వాళ్ళను పిలిచేదే అందుకు. పరుపు, దుప్పటి, సజ్జరొట్టె అద్దెలోనే కలిసి ఉంటాయి. బిందె మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.