టిక్కు

ఫోన్లో బైబిలు చదివితే యాప్ రోజులు లెక్కపెడుతుంది. ఒక్కరోజు తప్పామా, మళ్లీ సున్నా. మా యవ్వనస్తుల కూడికలో అందరికంటే పెద్ద లెక్క నాదే: 241. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతాయని మా అయ్యగారి లెక్క. నేను చదవడమంటే మాత్రం తెరవడం, వేలితో చివరిదాకా తోయడం, టిక్కు కొట్టడం.

అంతలో నైట్ షిఫ్టులు పడ్డాయి. ఆ టిక్కుకీ ఓపిక లేదు. అమీర్‌పేటలో నాతో గదిలో ఉండేవాడి ఫోన్లో నా లాగిన్ పెట్టాను. వాడు మంగళవారం తప్పకుండా ఆంజనేయస్వామి గుడికెళ్లే మనిషి. "చదవక్కర్లేదురా, టిక్కు కొట్టు చాలు" అన్నాను.

నెల్లాళ్లకి, టీ తాగుతూ అడిగాడు. "ఒరేయ్, ఇంతకీ యోనా ఏమన్నాడు?"

"చేప ఒడ్డున కక్కేసింది కదరా." సండే స్కూలు నాకు అంతవరకే మిగిల్చింది.

"అది రెండో అధ్యాయం. మొత్తం నాలుగున్నాయి. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోయిందని అంత బాధపడ్డాడే, 1,20,000 పైన జనమున్న నీనెవె నాశనం కాలేదని అలగడమేంట్రా? దేవుడూ అదే అడిగాడు. పుస్తకం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. తర్వాతి పేజీ లోడవలేదేమోనని రెండుసార్లు చూశాను."

ఆ ఆదివారం కూడికలో సాక్ష్యం చెప్పే వంతు నాది. ఇంకేం తోచక సొరచెట్టు ఎత్తుకున్నాను, మాట పొల్లుపోకుండా. "స్తోత్రం" అన్నారు. ఓ అక్క కళ్లు తుడుచుకుంది. వెనక బెంచీలో వాడూ ఉన్నాడు. బిరియానీ ఉందని నేనే తీసుకెళ్లాను.

అయ్యగారు నా లెక్క 275కి చేరిందని ప్రకటించి, తోలు అట్ట బైబిలు నా చేతిలో పెట్టారు. తర్వాత వాడి భుజమ్మీద చెయ్యేశారు. "బాబూ, నువ్వూ రోజుకో వచనమైనా చదువు. మీ స్నేహితుణ్ణి చూసి నేర్చుకో."

"అలాగేనండీ" అని వాడు నావైపు తిరిగాడు. "యోనా తర్వాత ఏ పుస్తకంరా?"

అందరూ నాకేసి చూశారు.