మా రోజుల్లో మిషను తన పని దాచుకునేది కాదు

మా రోజుల్లో కంప్యూటర్ నేర్పడానికి వేరే పాఠం అక్కర్లేకపోయింది. బస్టాండు పక్క మేడ మీద మా టైపు ఇన్‌స్టిట్యూట్. లోయర్, హయ్యర్ టైపు పరీక్షలకు కట్టిన పిల్లలు తెల్లారకముందే వచ్చి టకటకలాడించేవారు. తొంభైల్లో ఆ గదిలోకి ఒక కంప్యూటర్ వచ్చి చేరింది. దాని కీబోర్డు మీద ఏ పిల్లాడు ఏది అడిగినా, పక్కనే ఉన్న రెమింగ్టన్ టైప్‌రైటర్ మూత తీసి చూపించేవాణ్ణి.

షిఫ్ట్ కీనే తీసుకోండి. అది 1878 నాటి రెమింగ్టన్ నంబర్ 2తో వచ్చింది. ఒక్కో ఉక్కు కడ్డీ కొసన రెండేసి అక్షరాలు, పైన క్యాపిటల్, కింద స్మాల్. చిటికెన వేలితో షిఫ్ట్ అదిమితే కాగితంతో సహా క్యారేజీ పైకి లేచేది. కొన్ని మోడళ్ళలో కడ్డీల బుట్టే కిందికి దిగేది. కొట్టే కడ్డీ అదే, పడే అక్షరం మాత్రం మారేది. లాక్ వేస్తే క్యారేజీ అలా పైనే నిలబడేది, గదికి అవతల నుంచి చూసినా తెలిసేది. క్యాప్స్ లాక్ పడి ఉందని తెలియక పాస్‌వర్డ్ నాలుగుసార్లు తప్పు కొట్టే బాధ అప్పుడెక్కడిది?

ఎంటర్ కీ మీద వంకర బాణం కూడా అక్కడిదే. వరస చివరికొస్తుండగా గంట మోగేది. ఎడమచేత్తో లీవరు తోస్తే రోలరు తిరిగి కాగితం ఒక వరస పైకి జరిగేది, క్యారేజీ మొదటికొచ్చేది. ఒక్క తోపుతో రెండు పనులు. టెలిప్రింటర్ల కాలంలో వాటిని రెండు సంకేతాలుగా విడదీశారు. కంప్యూటర్ అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో క్యారేజీ వెనక్కి రావడం 13, వరస జరగడం 10, ఆ గంటకు కూడా 7 అని ఒక నంబరు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఈరోజు కొత్తగా రాసిన ఫైల్లోనూ ప్రతి వరస చివరా 13, 10 రెండూ ఉంటాయి. యూనిక్స్‌లో 10 ఒక్కటే. అందుకే అక్కడి ఫైలు పాత నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరసలన్నీ కలిసిపోయి చాంతాడయ్యేది. లీవరు తోసి చూపించి ఈ మాట చెబితే పిల్లలు మళ్ళీ అడిగేవారు కాదు.

ఇప్పుడో, అంతా నున్నటి గాజు. ఏది గుండీయో, ఏది ఉత్త రాతో తెలియదు. 2013లో ఐఓఎస్ 7 గుండీల అంచులూ నీడలూ చెరిపేసింది, మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. మూడు గీతలట, మూడు చుక్కలట, అంచు నుంచి లాగితే ఇంకేదో వస్తుందట. నేర్చుకున్నది కాస్తా అప్‌డేట్ పేరుతో తెల్లారేసరికి చోటు మారిపోతుంది. "మాస్టారూ, రెండ్రోజులు వాడితే అదే అలవాటవుతుంది" అంటారు నా పాత విద్యార్థులు. వేలికి అలవాటవుతుంది నాయనా, బుర్రకు అర్థం కాదు. అర్థం కాని అలవాటు ఆపదలో పనికిరాదు.

2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరును ఢీకొంది. 10 మంది నావికులు పోయారు. నౌక వేగాన్ని టచ్‌స్క్రీన్ మీదే నడిపేవారు. రెండు ప్రొపెల్లర్ల వేగమూ తగ్గించామనుకున్నారు, తగ్గింది ఒకదానిదే. చేతికందే లీవర్లు రెండు ఉండి ఉంటే ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ఉన్న సంగతి అరచేతికే తెలిసేది. ఆ తర్వాత అమెరికా నౌకాదళం ఆ తరహా నౌకల్లో మళ్ళీ లీవర్లు పెట్టాలని నిర్ణయించింది.

హైదరాబాదులో, అమెరికాలో యాప్‌లు రాస్తున్న నా పిల్లలకు ఒక్క మాట. నొక్కే చోటు నొక్కేదిలా కనిపించనివ్వండి. ఏది ఆన్‌లో ఉందో, ఏది ఆఫ్‌లో ఉందో పైకి చెప్పనివ్వండి. అలవాటైన గుండీని దాని చోటు నుంచి కదపకండి. జనం మీదికి వదిలే ముందు మీ అమ్మకో నాన్నకో ఇచ్చి, పక్కన కూర్చుని, నోరెత్తకుండా చూడండి.