నేనూ ఫిల్ ఐవీ

జూదంలో ఓడి నవ్వులపాలైనవాళ్లు ఊరికొకరుంటారు. నేను గెలిచి నవ్వులపాలయ్యాను.

డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటం తెలంగాణలో 2017 నుంచీ నిషేధం. కూకట్‌పల్లిలో కూర్చుని ఆడాలంటే ఫోన్ బెంగళూరులో ఉన్నట్టు నమ్మించాల్సి వచ్చేది. అందుకో యాప్ వేసుకున్నాను. ‘నిషేధమున్న రాష్ట్రంలో లేను’ అన్నచోట టిక్కు కూడా పెట్టాను. ఒక రాత్రి జోకర్లు వెతుక్కుంటూ వచ్చాయి. తెల్లారేసరికి లక్షా నలభై వేలు! తీసుకోబోతే అకౌంటు ఆపేశారు, నా లొకేషన్ మీద అనుమానమట. అబద్ధమాడిందీ నేనే, ఒళ్లు మండిందీ నాకే.

కోర్టుకీడుస్తానని తీర్పులు చదవడం మొదలెట్టాను. లాయర్లు ఏళ్లకేళ్లు చదివేది నేను టీ చల్లారేలోగా చదివేశాను. సికింద్రాబాద్ క్రెసెంట్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1967లోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కదా! ఆ వాక్యాన్ని నా గురించే రాశారనుకున్నాను.

తర్వాత ఫిల్ ఐవీ అనే జూదరి దొరికాడు. 2012లో లండన్ క్రాక్‌ఫర్డ్స్ కేసినోలో పుంటో బాంకో అనే పేకాట ఆడి 77 లక్షల పౌండ్లు గెలిచాడు. ఆ పేకల వెనక డిజైను రెండంచుల్లోనూ ఒకేలా లేదు. పక్కనున్న ఆమె మూఢనమ్మకం నటిస్తూ, మంచి ముక్కల్ని మాత్రం పంచేవాళ్ల చేతే తిప్పించింది. ఆ తర్వాత వెనకవైపు చూస్తే చాలు, మంచి ముక్కో కాదో తెలిసిపోయేది. కేసినో అతను కట్టిన సొమ్ము తిరిగిచ్చి, గెలుపు ఇవ్వనంది. ఐవీ దావా వేశాడు. నా హీరో!

తీర్పు చివరిదాకా చదవలేదు. ఆ పని నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు చేసే మా పెద్ద తోడల్లుడు చేశారు.

“ఓడిపోయాడు తమ్ముడూ. అది మోసం కాదని అతను మనస్ఫూర్తిగా నమ్మాడని జడ్జే ఒప్పుకున్నాడు. అయినా మోసం మోసమేనని 2017లో వాళ్ల సుప్రీంకోర్టు ఖాయం చేసింది. నువ్వు కనీసం నమ్మావా?”

నేను మాట్లాడలేదు.

“పైగా పందెం సొమ్ముకు అక్కడ దావా వేయనిస్తున్నది 2005 చట్టం వచ్చాకే. మనకింకా 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షనుంది. పందెం ఒప్పందం చెల్లదు.”

“రమ్మీ నైపుణ్యం కదా అన్నయ్యగారూ, పందెం ఎలా అవుతుంది?”

“సరే, రాద్దాం. మొదటి పేరాలో ఆడేటప్పుడు ఎక్కడున్నావని రాయమంటావు? కూకట్‌పల్లి అంటే నేరం ఒప్పుకున్నట్టు. బెంగళూరు అంటే కోర్టుకి అబద్ధం చెప్పినట్టు.”

మైసూరు అని రాస్తే ఎలా ఉంటుందని అడిగాను. నిజంగానే అడిగాను.

2025 ఆగస్టులో దేశమంతటా ఆన్‌లైన్ డబ్బాటలు నిషేధిస్తూ చట్టం వచ్చాక ఆ యాప్‌వాళ్లు దుకాణం సర్దుకున్నారు. నేను కట్టిన డబ్బు వెనక్కి పంపారు, గెలిచింది పంపలేదు. అచ్చం ఐవీకి చేసినట్టే. అన్నయ్యగారు ఫీజు తీసుకోలేదు గానీ, సంక్రాంతికి అత్తగారింట్లో అరిసెలు తింటూ అల్లుళ్లందరి ముందూ ‘మా మైసూరు తమ్ముడు’ అని మొదలెడతారు.