కొంపముందు కొంగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పులిని తీయబోవు బుద్ధి పుట్టెను బావ
లక్ష పోసి కొన్న లావు లెన్సు
దుమ్ము మింగి వచ్చి తోకైన దక్కునా
కొంగ లేదె నీకు కొంపముందు

అవతారిక: కంకిపాడులో ఎరువుల కొట్టు నడుపుకొనే మా బావ, పండక్కి వచ్చిన చుట్టాల ముందు పెట్టె విప్పి లెన్సు చూపించి, వేసవిలో పులుల ఫొటోలకు సఫారీ పోతున్నానని ప్రకటించాడు. పోవాలా మానాలా అన్న సందేహం ఆయనకు లేదు, మిగతా అందరికీ ఉంది. అప్పుడు బావమరిది హోదాలో నేను చెప్పిన పద్యమిది. మూలంలో లేనిది రాయనని ఒట్టుపెట్టుకున్న మల్లినాథసూరి మన తెలుగువాడే. కాని మూలమూ టీకా రెండూ నావే అయినప్పుడు నాకంత నిగ్రహం దేనికి?

పులిని = పెద్దపులిని. కృష్ణా జిల్లాలో పులి అంటే దసరా పులివేషమే. అసలుది కావాలంటే నల్లమల ఎక్కాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అదే చిక్కు. అడవి పెద్దది, పులులు పల్చన. దోర్నాల–శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర జీపెక్కిన వాళ్లకు అడవి కనబడుతుంది, దుప్పులు కనబడతాయి, పులి మాత్రం దాని ఇష్టం. పులే కావాలని పట్టుబట్టేవాళ్లు బెజవాడలో రైలెక్కి చంద్రాపూర్‌లో దిగి తడోబా పోతారు. అక్కడ అవకాశం మెరుగే గాని హామీ లేదు.

తీయన్ = ఫొటో తీయుటకు.

బుద్ధి పుట్టెను = కోరిక కలిగెను. శాస్త్రం మొదలుపెట్టే ముందు దానికి అధికారి ఎవరో తేల్చడం పూర్వుల పద్ధతి. ఈ శాస్త్రానికి అధికారి ఎవడు? చీకటితో లేచి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, టాపు లేని జిప్సీలో ఆరుగురిలో ఒకడిగా ఇరుక్కుని, మూడు నాలుగు గంటలు నేల మీద కాలు పెట్టకుండా, మాట పెగలకుండా కూర్చోగలిగినవాడు. నడుంనొప్పి ఉన్నవాడూ, గంటకోసారి లేవవలసినవాడూ ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. మా బావ గల్లాపెట్టె దగ్గర అరగంట కుదురుగా ఉండడు. ఇంకోటి, పిల్లల్ని కూడా వేసుకుపోతానంటున్నాడు. ఫొటో తీసేవాడు ఒక్కచోట ఆగుదామంటాడు, పిల్లలు పోదామంటారు. ఒకే జీపులో రెండు మతాలు ఇమడవు. ఫొటోలే ముఖ్యమైతే తోటి ఫొటోగ్రాఫర్లతో పోవాలి, లేదా లెన్సు ఇంట్లో పెట్టి కుటుంబంతో పోవాలి.

లక్ష పోసి = ధనమును వెచ్చించి. ఇక్కడ ‘అప్పు చేసి’ అని మా అక్క పాఠాంతరం. యతి చెడుతుంది గాని అర్థం చెడదు.

లావు లెన్సు = ఆరువందల మిల్లీమీటర్ల దాకా సాగేది, రెండు కిలోల బరువుండేది. ‘లెన్సుతో’ అనవలసిన చోట విభక్తి లేదేమని అడుగుతారు. వస్తువు ఉంది, దానితో ఏం చేయాలో కర్తకు తెలియదని ధ్వని. పులి తిరిగేది మసకవెలుతురులో. ఈ ధరలో దొరికే పొడుగు లెన్సులు అదే వేళకు చూపు మందగిస్తాయి. ఐఎస్ఓ పెంచితే ఫొటో నిండా గింజలు, పెంచకపోతే పులి బదులు పసుపు మరక. జీపులో ట్రైపాడ్ నిలబెట్టే చోటుండదు కాబట్టి సంచీలో గింజలు పోసి కమ్మీ మీద వేసి దానిపై లెన్సు ఆనిస్తారు. మన మినుములు అందుకు భేషుగ్గా పనికొస్తాయి. అసలు కొనడమెందుకు? పెద్ద ఊళ్లలో లెన్సులు రోజుకింతని అద్దెకిస్తారు. మొదటిసారి పోయేవాడికి అదే శాస్త్రం.

దుమ్ము మింగి వచ్చి = స్పష్టము.

తోకైన దక్కునా = కనీసం తోక ఫొటో అయినా దొరుకునా? కొండముచ్చు అరిచిందంటే గైడు జీపు ఆపించి చెవి రిక్కిస్తాడు, దుప్పి బెదిరి కూస్తే ఆ దిక్కుకు తిప్పిస్తాడు. దారిలో తడి అడుగు కనబడితే వంగి చూస్తాడు. ఈ వెతుకులాటకే మనసు పొంగేవాడికి కార్డు ఖాళీగా వచ్చినా డబ్బు వృథా కాదు. పులి లేకపోతే ట్రిప్పు దండగ అనేవాడికి ఈ సఫారీ తగదు. ఇదే నా సిద్ధాంతం. పూర్వపక్షం చేయదలచినవాళ్లు చేసుకోవచ్చు.

కొంగ లేదె = కొంగ ఉన్నది గదా. దమ్ము చేసే ట్రాక్టరు వెనక తెల్లకొంగలు బారులు తీరతాయి. తీసి చూడు బావా. నల్లటి బురద చూసి కెమెరా వెలుతురు చాలదనుకుని పెంచేస్తుంది, కొంగ సున్నం ముద్దవుతుంది. ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గిస్తే ఈకలు విడివిడిగా పడతాయి. అది ఎగిరేటప్పుడు షట్టరు సెకనులో వెయ్యో వంతుకు దిగితే తప్ప రెక్క నిలవదు. ఈ పాఠం మీ చేలగట్టు మీద ఊరికే వస్తుంది. జీపులో నేర్చుకుందామంటే పులి ఆగదు.

తరవాత గుడివాడ మీదుగా కైకలూరు పో. ఆటపాకలో చలికాలం పడవెక్కితే గూడబాతులు తలమీదుగా దిగుతాయి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మనవాళ్లకు మాత్రం ఇప్పటికీ చేపల ఊరే.

పక్షులను చూసే కన్ను లెన్సుతో వచ్చేది కాదనడానికి కృష్ణరాయలే ప్రమాణం. మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనబడి రాయమన్న ఆముక్తమాల్యదలో, రెక్కల్లో తల దూర్చి కాలువగట్టున నిద్రపోయే బాతులను తలారులు స్నానాలకొచ్చినవాళ్లు మరిచిపోయిన బట్టలనుకుంటారు. తెద్దామని నీళ్లలో దిగితే బట్టలు లేచి పారిపోతాయి. అంత దగ్గరగా చూసినవాడికి ఆరువందల మిల్లీమీటర్లు ఎందుకు?

కొంపముందు = ఇంటి ఎదుట. గౌరవవాచకం కాదు, బావమరిది చనువు.

ఛందస్సు: ఆటవెలది.

అలంకారం: అక్క మెడలోది. ప్రస్తుతం బ్యాంకులో తాకట్టులో ఉంది.