ముప్పై మూడే ముద్దు!

మూడు నెలలు వేసుకోవడానికి 33 వస్తువులే. చెప్పులు, నగలతో సహా! 2010లో అమెరికాలో కోర్ట్‌నీ కార్వర్ మొదలుపెట్టిన ఈ నోము ఇప్పుడు మా ఇంటికీ వచ్చింది.

చీర, జాకెట్టు, లంగా... పదకొండు చీరలకే కోటా ఖల్లాస్. ఇక బోసి మెడతో, ఉత్తికాళ్లతో పెళ్లికెళ్లడమే. (లంగా లోదుస్తుల కింద మినహాయింపేనా అన్న వాదన ఇంకా తెగలేదు.)

నైటీలకు లెక్కలేదట. హమ్మయ్య! పైన చున్నీ వేస్తే కూరగాయల బండి దాకా అదేగా.

మా తాతయ్య రెండు పంచెలు, ఒక కండువాతో నలభై ఏళ్లు నెట్టుకొచ్చారు. అప్పట్లో దాన్ని పిసినారితనం అనేవాళ్లు.

మిగిలిన బట్టలు కంటికి కనపడకుండా దాచాలిట.

నిన్ననే కొత్త బీరువా దిగింది. మూడు తలుపులది.