బూరెల మూకుడులో బ్యాంకాక్

మా అమ్మ కాపరానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనుప మూకుడు ఒకటుంది. సంక్రాంతికి అరిసెలు, శ్రావణమాసంలో బూరెలు అందులోనే. మిగతా రోజుల్లో పాత చీర ముక్కలో చుట్టుకుని అటక మీద పడుకుంటుంది. దాన్ని దింపి నేను పంది మాంసం వేయించాను. నేరం ముందే ఒప్పుకుంటున్నాను, ఇక వివరాలు.

తప్పంతా బ్యాంకాక్‌ది. కిందటేడు ఆఫీసు జనంతో నాలుగు రోజులు వెళ్ళినప్పుడు రోడ్డు పక్క బండి దగ్గర తూటికూర, పంది మాంసం వేపుడు తిన్నాను. బండాయన మూకుడు కుదిపాడు, మంట మనిషెత్తు లేచింది, ఆకు చుయ్‌మంది, ప్లేటు నా ముందుకొచ్చింది. మొత్తం రెండు నిమిషాలు. ఆ తూటికూర వేపుణ్ణి వాళ్ళు ‘ఫై డేంగ్’ అంటారు, అంటే ఎర్ర మంట. ఓస్ ఇంతేనా అనుకున్నాను. 2003లో, ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలైన కొత్తలో, లింగంపల్లి స్టేషన్లో పెట్టెతో దిగిన నాటి నుంచి నేటిదాకా నాకు వచ్చిన వంటలు మ్యాగీ, ఆమ్లెట్ మాత్రమే అన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

ఓ ఆదివారం మా ఆవిడ పిల్లాణ్ణి తీసుకుని మియాపూర్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. ఇదే అదను అనుకుని మార్కెట్‌కి పరిగెత్తాను. తూటికూర ఉందా అంటే ఆకుకూరలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గది చెర్వుల మొలుస్తది సార్. బర్రెలు తింటయ్. నీకెందుకు? పాలకూర తీస్కో."

చివరికి ఆదుకున్నది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అస్సాం కుర్రాడు. ఫోన్లో బొమ్మ చూపించగానే "కొల్‌మౌ శాక్!" అని మొహం చేటంత చేసుకున్నాడు. వాళ్ళవాళ్ళు కొనుక్కునే చోటు నుంచి మూడు కట్టలు తెచ్చిచ్చాడు. మాంసం కొట్టు దారి కూడా అతను చెప్పిందే.

మాంసాన్ని అరగంట ఫ్రీజర్లో పెట్టి, కాస్త గట్టిపడ్డాక కోస్తే పల్చటి ముక్కలొస్తాయి. ఈ మాట నాకు తర్వాత తెలిసింది. నా ముక్కల్లో సగం సిగరెట్ కాగితాలు, సగం చెప్పు అట్టలు. నాన్‌స్టిక్ పెనం అంత మంటకు పనికిరాదు, ఇనుము కావాలి అని చదివి, అటకెక్కాను. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది.

నూనె పొగలొచ్చేదాకా కాగింది. దంచిన వెల్లుల్లి, మిరపకాయలు వేశాను. అంతవరకూ నేను థాయ్‌వాణ్ణే. మాంసం కొద్దికొద్దిగా వేయాల్సింది పోయి అరకిలో ఒక్కసారే గుమ్మరించాను. మన ఇంటి పొయ్యికి అంత సత్తువ ఎక్కడిది? మూకుడు చల్లబడిపోయింది, మాంసం నీరొదిలింది, వానపడ్డ రోజు మా రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచినట్టు నీళ్ళు నిలిచాయి. కంగారులో ఆకు వేసి మూత పెట్టాను. ఆయిస్టర్ సాస్, సోయా సాస్, చేపల సాస్ పోశాను. మూడూ ఉప్పటివే. అలవాటు చొప్పున ఇంకో చెంచాడు ఉప్పు కూడా వేశాను.

చేపల సాస్ అంటే నెత్తళ్ళలాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసిన రసం. అది కాలే ఇనుముకు తగిలి లేచిన వాసన మా అమ్మను లేపింది. కాకినాడ పక్క పుట్టిన ముక్కు అది.

"ఒరేయ్, నెత్తళ్ళు ఎక్కడివిరా?" అంటూ వచ్చి, మూకుడు చూసి ఆగిపోయింది.

"ఏంటందులో?"

"తూటికూర అమ్మా."

"ఇంకా?"

"మూ."

థాయ్ భాషలో మూ అంటే పంది. మూకుడుకీ దానికీ ఆ ఒక్క అక్షరమే చుట్టరికమని నేను నవ్వబోయాను. అమ్మ నవ్వలేదు. మాంసం గురించి ఒక్క మాటా అనలేదు. మూత ఎత్తి చూసింది.

"ఆకుకి మూత పెడతార్రా ఎవరైనా? అందుకే నల్లబడి చచ్చింది. చిన్నప్పుడు మా చెరువుగట్టున కోసుకొచ్చి ఎంత కూర వండుకునేవాళ్ళం!"

ఒక్క అదృష్టం. బ్యాంకాక్‌లో కప్రావ్ అని ఇంకో వేపుడు కూడా తిన్నాను. అందులో పడేది మన తులసే. మా బాల్కనీ కోటలో గుబురుగా ఉంది. దాని జోలికి వెళ్ళి ఉంటే ఈ వ్యాసం ఇంకెవరో నా సంస్మరణార్థం రాసేవారు.

వేపుడు వాచ్‌మన్ తిన్నాడు. బాగుందన్నాడు. సాయంత్రంలోగా మంచినీళ్ళ సీసా మూడుసార్లు నింపుకున్నాడు.

మూకుడు చింతపండుతో ఓసారి, సబ్బుతో రెండుసార్లు తోమి, నూనె రాసి అమ్మ ముందు పెట్టాను. "నువ్వే ఉంచుకో" అంది. మొన్న సంక్రాంతికి అరిసెలు కొత్త మూకుడులో వండింది. డబ్బులు నావే.

చేపల సాస్ సీసాలో ముప్పాతిక భాగం ఇంకా అలాగే ఉంది. లింగంపల్లి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి. రాత్రి తొమ్మిది దాటాక రండి, అప్పటికి అమ్మ పడుకుంటుంది.