సిమెంటు కొంగ జపం

మా చెరువు బాగుపడింది. ఈ మాట నాది కాదు, కట్ట మీది బోర్డుది: 'పక్షుల సంరక్షణార్థం చెరువు సుందరీకరణ'.

పొద్దున్నే అయిదున్నరకు నడకకు వెళ్తే ముందు ఎదురొచ్చేవి రెండు కొంగలు. ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి, రెప్పవేయకుండా జపం చేస్తుంటాయి. అసలు కొంగైతే చేప కనబడగానే జపం ఆపేస్తుంది. వీటికి ఆ బలహీనత లేదు, సిమెంటువి. పక్కనే ఒక పెంగ్విన్. అంటార్కిటికా నుంచి హైదరాబాదు దాకా వచ్చి, మే నెల ఎండలో నోరు తెరుచుకుని అరటితొక్కల కోసం ఎదురుచూస్తుంటుంది.

సుందరీకరణకు ముందు ఇక్కడ అందమన్నది లేదని ఒప్పుకోవాలి. శిఖం పొడవునా బురద. చలికాలం వస్తే ఎక్కడో ఉత్తరపు చలిదేశాల నుంచి ఉల్లంకులు వచ్చి, ఆ బురదలో ముక్కులు గుచ్చి పురుగులు ఏరుకునేవి. జమ్ములో నామాలకోళ్లు గూళ్లు పెట్టేవి. లకుముకిపిట్ట కట్ట మట్టిలో చేయిపొడవు బొరియ తవ్వి, అందులో పిల్లల్ని సాకేది. పెద్దమనుషులు నడిచే చోట ఇవన్నీ ఏం బాగుంటాయి? జమ్ము పీకేశారు. బురద మీద మొరం పోసి టైల్స్ పరిచారు. కట్టకు రాతి తాపడం చేశారు. ఇప్పుడు లకుముకిపిట్టకు ముక్కు దూర్చే సందు లేదు. పోనీ అన్యాయం చేశారా అంటే అదీ లేదు, ప్రహరీ మీద దాని బొమ్మ ఆరడుగుల ఎత్తున వేయించారు.

మొన్న కోయిల కూసింది. చెట్టుచెట్టుకూ వెతికాను. చివరికి దొరికింది, దీపస్తంభానికి బిగించిన స్పీకర్లో. అయిదు నిమిషాలకోసారి అదే కూత, మధ్యలో వేణువు.

అసలు పిట్టలు దేన్ని చూసి వస్తాయంటారా? మా నగరం శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది. నగరం ఒడిలోని చెరువుకు ఆ గౌరవం దేశంలో అదే మొదటిసారి. అక్కడ రాజహంసలు దిగింది లోతులేని నీళ్లను చూసి. 'ఐ లవ్' అని వెలిగే అక్షరాలు చదవడం వాటికి వచ్చినట్టు లేదు. (మా దగ్గర ఆ అక్షరాల్లో ఒకటి ఆరిపోయింది. దాన్ని బాగుచేయడానికి మాత్రం రెండు రోజులే పట్టింది.)

వల సర్దుకుంటున్న తాతను అడిగాను, "పిట్టలు తగ్గినయా?" అని.

"గుడ్డు పెట్టాలంటే మన్ను గావాలె గద సారూ. టైల్స్ మీద పెడతదా?" అన్నాడు. చదువుకోనివాడు, సుందరీకరణ ప్రాజెక్టు రిపోర్టు చూసి ఉండడు.

తాతకు తెలియనిది ఒకటుంది. 'రెండో దశ పనులు త్వరలో' అన్న బోర్డు కింద పోసిన కంకర మీద తీతువు గుడ్లు పెట్టింది. నాలుగు. కంకరలో కంకరలా కలిసిపోయాయి, కాలు వేయబోయి ఆగాను. తల్లి నెత్తి మీద చక్కర్లు కొడుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే అపశకునం అంటారు. ఎవరికో మాత్రం చెప్పరు.

వెనక నుంచి ట్రాక్‌సూట్ పెద్దమనిషి ఒకాయన ఆగి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి నా వైపు చిరాగ్గా చూశాడు.

"పొద్దున్నే ఏంటండీ ఈ పిట్ట గోల? స్పీకర్లో కోయిల వినబడట్లేదు. ఎవరికైనా కంప్లైంట్ ఇవ్వాలి."